నూటికి నూరు వచ్చాయి, రద్దు చేయడం రాలేదు

సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళకు శిక్షణ ఏర్పాట్లు చేయడం నా వృత్తి. గత నెలలో వేర్వేరు సంస్థల్లో పనిచేస్తున్న ఇద్దరు మిత్రులు, తమ దగ్గర కొత్త డిజిటల్ లెర్నింగ్ ప్లాట్‌ఫామ్‌ను ఎలా ప్రవేశపెట్టబోతున్నారో ప్రణాళికలు పంపి అభిప్రాయం చెప్పమన్నారు. రెండింటిలోనూ మొదటి పేజీలోనే ప్రారంభ తేదీ పెద్ద అక్షరాల్లో ఉంది. ఆ తేదీ వరకు ఏ వారం ఏం చేయాలో వివరంగా రాశారు: ప్రకటన మెయిళ్ళు, పోస్టర్లు, పైఅధికారి ప్రసంగం, లాగిన్ల పంపకం. ఆ మర్నాటి నుంచి రెండూ ఖాళీ. నాకు కోపం వచ్చింది, బాధ కూడా కలిగింది. అచ్చం ఇలాంటి ప్రణాళికనే ఒకప్పుడు నేనూ రాశాను. దాని ఫలితాన్ని ఎదురుగా కూర్చుని చూశాను.

అప్పట్లో నేను పనిచేసిన సంస్థలో పాత లెక్కల సాఫ్ట్‌వేర్ తీసేసి కొత్తది పెట్టారు. దాంతోపాటే ఆన్‌లైన్ శిక్షణ. పద్నాలుగు మాడ్యూళ్ళు, ఒక్కోదాని చివర పది ప్రశ్నలు. నాలుగు వారాల్లో దాదాపు అందరూ పూర్తిచేశారు. మా బృందాన్ని పిలిచి మెచ్చుకున్నారు. కొత్త సాఫ్ట్‌వేర్ వాడకంలోకి వచ్చిన మొదటి వారంలోనే కొనుగోళ్ళ విభాగంలో ఒకావిడ దగ్గర నుంచి ఫోను వస్తే వెళ్ళాను. ఆవిడ అన్ని మాడ్యూళ్ళూ పూర్తిచేశారు, ప్రతిదాంట్లోనూ నూటికి నూరు.

తెర మీద ఒక బిల్లు ఉంది. మొత్తంలో ఒక సున్నా ఎక్కువ పడింది, అలాగే నమోదైపోయింది. ఆవిడ 'తొలగించు' బొత్తాం మీద నొక్కారు. అది బూడిద రంగులో ఉంది, కదల్లేదు. మళ్ళీ నొక్కారు. తర్వాత మౌస్ వదిలేసి, సొరుగులోంచి ఒక నోటుబుక్కు తీశారు. నీలి సిరాతో ఒక్కో తెరకు ఒక్కో పేజీ, బొత్తాల బొమ్మలు గీసి పక్కన బాణాలు. "ఇక్కడ సేవ్ నొక్కకూడదు, ముందు తేదీ సరిచూడాలి." "మూసేసిన నెల అయితే లోపలికి తీసుకోదు." ఒక చోట ఎర్ర గీత కింద, "రెండుసార్లు నొక్కితే రెండు బిల్లులు పడతాయి." ఇవేవీ మా పాఠాల్లో లేవు. ఆవిడ స్వయంగా తప్పులు చేసి, ఒక్కొక్కటే తెలుసుకుని రాసుకున్నవి. పేజీలు తిరగేసి, రద్దు సంగతి అందులో కనబడక, నావైపు తిరిగి "మీ పాఠాల్లో ఇది ఎక్కడ ఉందండీ?" అని అడిగారు.

నేను వెతికాను. తొమ్మిదో మాడ్యూల్లో, ఇరవై రెండు నిమిషాల వీడియోలో, పదిహేడో నిమిషం దగ్గర ఉంది. నమోదైన ఎంట్రీని తొలగించడం కుదరదని, దానికి రివర్సల్ ఎంట్రీ, అంటే ఆ మొత్తాన్ని తిరగేసి రద్దు చేసే ఎంట్రీ, వేసి, సరైన మొత్తంతో కొత్తది నమోదు చేయాలని అర నిమిషంలో చెప్పేసి ముందుకు వెళ్ళిపోయింది. దాని మీద ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

ఆవిడ చదవలేదా? చదివారు. శ్రద్ధ లేదా? ఆ నోటుబుక్కు చూసినవాళ్ళెవరూ ఆ మాట అనలేరు. తప్పు మా ప్రణాళికలో ఉంది. మేము పాఠాలను సాఫ్ట్‌వేర్ మెనూ వరుసలో తయారుచేశాం. మెనూలో మొదట 'సెట్టింగులు' ఉంటే మొదటి పాఠం సెట్టింగులు. మనిషి పని ఆ వరుసలో సాగదు. ఆమె ముందు బిల్లు ఉంటుంది, గడువు ఉంటుంది, అవతల డబ్బు కోసం ఎదురుచూసే మనిషి ఉంటాడు. ఆ పని ఎక్కడ చిక్కుపడుతుందో అక్కడే పాఠం మొదలుకావాలి.

ఇది నేను కనిపెట్టిన విషయం కాదు. 1980లలో ఐబీఎంలో జాన్ క్యారల్, ఆయన సహచరులు వర్డ్ ప్రాసెసర్ నేర్చుకునేవాళ్ళ పక్కన కూర్చుని గమనించారు. జనం మాన్యువల్ చదవరు, నేరుగా పనిలోకి దిగుతారు, తప్పు చేస్తారు, ఆ తప్పులోంచి బయటపడే దారి తెలియక అక్కడే ఆగిపోతారు. 1987లో మేరీ బెత్ రోసన్‌తో కలిసి క్యారల్ ఈ వైరుధ్యం గురించి రాశారు: కాస్త ఆగి నేర్చుకుంటే తర్వాత సమయం మిగులుతుందని తెలిసినా, చేతిలో పని ఉన్న మనిషి ఆగడు. దీన్ని బద్ధకం అనుకునేవాళ్ళంటే నాకు ఇప్పటికీ మండుతుంది. పని పట్ల బాధ్యత ఉన్నవాళ్ళే అలా చేస్తారు. అందుకే ఆ పరిశోధకులు మాన్యువళ్ళను బాగా కుదించి, నిజమైన పనుల చుట్టూ అల్లి, తప్పును గుర్తుపట్టడానికీ సరిదిద్దుకోవడానికీ అందులో ప్రత్యేకంగా చోటిచ్చారు. నలభై ఏళ్ళు కావస్తోంది. మనం ఇంకా మెనూ వరుసలోనే ఉన్నాం.

కాబట్టి ప్లాట్‌ఫామ్ కొనడానికి ముందే చేయవలసిన పని ఒకటుంది. హెల్ప్‌డెస్క్‌కు గత మూడు నెలల్లో వచ్చిన ఫిర్యాదులన్నీ తీసి చదవాలి. సారాంశం సరిపోదు, జనం రాసిన మాటలే చదవాలి. తర్వాత పనిచేసేవాళ్ళ పక్కన రెండు రోజులు మౌనంగా కూర్చోవాలి. ఎక్కడికి వెళ్ళినా నాకు కనబడింది ఒకటే: కష్టాల్లో ఎక్కువ భాగం పదీ పదిహేను పనుల చుట్టూనే తిరుగుతాయి. వాటికి ఒక్కోదానికి ఒక చిన్న పాఠం, రెండు నిమిషాల్లో ముగిసేది, పని జరిగే తెర మీది నుంచే తెరుచుకునేది ఉంటే చాలు, సగం బరువు దిగుతుంది. వీడియోల నిడివి గురించి కూడా ఆధారముంది. ఎడెక్స్ అనే ఆన్‌లైన్ విద్యా వేదిక కోర్సుల్లో 69 లక్షల వీక్షణలను పరిశీలించి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, వీడియో ఎంత పొడవుగా ఉన్నా కనీసం సగం వీక్షణలు ఆరు నిమిషాలకు మించి సాగలేదని తేలింది. మాది ఇరవై రెండు నిమిషాలు. అసలు విషయం పదిహేడో నిమిషంలో.

ఇక సమయం. కొత్త సాఫ్ట్‌వేర్ వాడకంలోకి రావడానికి నాలుగు వారాల ముందే మేము శిక్షణను ముగించాం, అది మా ముందుచూపు అనుకున్నాం. జర్మన్ మనస్తత్వవేత్త హెర్మన్ ఎబింగ్‌హౌస్ 1885లో ప్రచురించిన ప్రయోగాల్లో అర్థం లేని అక్షర గుచ్ఛాలు కంఠస్థం చేసి, కొంత వ్యవధి తర్వాత మళ్ళీ నేర్చుకోవడంలో ఎంత శ్రమ ఆదా అవుతోందో తన మీద తానే కొలుచుకున్నారు. గంట గడిచేసరికి ఆ ఆదా సగానికంటే తగ్గింది, ఒక రోజుకు మూడో వంతు దగ్గరికి వచ్చింది. ఆఫీసు పనికి అర్థం ఉంటుంది కాబట్టి అంత త్వరగా చెరిగిపోదు, నిజమే. కానీ ఒక్కసారి కూడా చేతితో చేయని పనిని నెల రోజులు గుర్తుపెట్టుకోమనడం అన్యాయం.

మా పది ప్రశ్నల సంగతి ఇంకా ఘోరం. 2006లో రోడిగర్, కార్పికె అనే ఇద్దరు పరిశోధకులు విద్యార్థులకు పాఠం ఇచ్చి, కొందరితో మళ్ళీ చదివించారు, కొందరిని చూడకుండా గుర్తుచేసుకోమన్నారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్షిస్తే మళ్ళీ చదివినవాళ్ళదే పైచేయి. వారం తర్వాత పరీక్షిస్తే గుర్తుచేసుకున్నవాళ్ళదే పైచేయి. మేము ప్రశ్నలు అడిగింది వీడియో ఆగిన మరుక్షణమే. ఆ నూటికి నూరు అయిదు నిమిషాల జ్ఞాపకానికి వచ్చిన మార్కులు. రద్దు మీద కూడా ఒక ప్రశ్న చేర్చి, మూడో రోజున రెండు, రెండు వారాల తర్వాత మూడు అడిగి ఉంటే, ఆవిడకు రద్దు చేయడం రాలేదని బిల్లు తప్పు పడకముందే మాకు తెలిసేది.

మరి పాఠాలను ఎంతమంది పూర్తిచేశారనే శాతాన్నే అందరూ ఎందుకు పట్టుకుని వేలాడుతారు? తేలిగ్గా దొరికే అంకె అదే కాబట్టి. ఎవరు ఎంతవరకు చదివారో పాఠం ప్లాట్‌ఫామ్‌కు చెప్పే పద్ధతిని నిర్ణయించే ప్రమాణం స్కార్మ్. ఇప్పటికీ ఎన్నో కోర్సులు నడుస్తున్న దాని 1.2 వెర్షన్ 2001 నాటిది. పాఠం స్థితిని చెప్పడానికి అందులో ఉన్నవి ఆరు మాటలు: ఉత్తీర్ణత, పూర్తి, వైఫల్యం, అసంపూర్తి, పైపైన చూడటం, మొదలుపెట్టకపోవడం. 'ఇప్పుడు పని చేయగలరు' అనే మాట వాటిలో లేదు, ఉండే వీలూ లేదు. 2013లో వచ్చిన ఎక్స్-ఏపీఐ అనే మరో ప్రమాణం కోర్సు బయట జరిగే పనులను కూడా నమోదు చేయగలదు, కానీ వాడే సాఫ్ట్‌వేర్ ఆ సమాచారం పంపేలా ఎవరో కూర్చుని అమర్చాలి. అంత దూరం వెళ్ళనక్కర్లేదు. వారానికి ఎన్ని తప్పు ఎంట్రీలు పడ్డాయి, హెల్ప్‌డెస్క్‌కు ఏ పని మీద ఎన్ని ఫోన్లు వచ్చాయి, ఇవి ఏ సంస్థలోనైనా ఉండే లెక్కలే. శిక్షణ ఫలితాన్ని స్పందన, అభ్యసనం, ప్రవర్తన, ఫలితం అని నాలుగు మెట్లుగా చూడమని డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ 1959లోనే చెప్పారు. నాకు వచ్చిన రెండు ప్రణాళికలూ రెండో మెట్టు దగ్గరే ఆగిపోయాయి.

పైలట్ గురించి, అంటే అందరికీ ఇవ్వడానికి ముందు కొద్దిమందితో చేసే పరీక్ష గురించి కూడా చెప్పాలి. ప్రతిచోటా పైలట్‌కు ఉత్సాహంగా చేయెత్తినవాళ్ళను తీసుకుంటారు. కొత్త విషయాలు జనంలోకి ఎలా పాకుతాయో అధ్యయనం చేసిన ఎవెరెట్ రోజర్స్ 1962లో వేసిన విభజనలో కొత్తదాన్ని ముందుగా అందిపుచ్చుకునే మొదటి రెండు వర్గాలూ కలిపి 16 శాతమే. ఆ 16 శాతంతో పరీక్షించి, మిగిలిన 84 శాతం మీద అమలుచేస్తున్నాం. సాయంత్రం షిఫ్టువాళ్ళు, ఒకే కంప్యూటర్‌ను ముగ్గురు పంచుకునేవాళ్ళు, సంస్థ మెయిల్ ఎప్పుడూ తెరవనివాళ్ళు, తెర మీది రాతను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ సాయంతో పనిచేసేవాళ్ళు పైలట్‌లో ఉండాలి. పంచుకునే కంప్యూటర్‌లో ఒకరు లాగ్ అవుట్ చేయడం మరిచిపోతే, తర్వాతివాళ్ళు చదివిందంతా మొదటివాళ్ళ ఖాతాలో పడుతుంది. ఇలాంటివి ఉత్సాహవంతుల దగ్గర ఎప్పటికీ బయటపడవు. ఇంకొకటి. స్కార్మ్ 1.2లో పాఠం మధ్యలో ఆపితే ఆ స్థితిని దాచుకునే జాగా 4,096 అక్షరాలు మాత్రమే. పొడవైన మాడ్యూల్ ఆ హద్దు దాటితే, తిరిగొచ్చిన మనిషి ఆపిన చోటు కోల్పోయి మళ్ళీ మొదటికి రావలసి వస్తుంది. పైలట్‌లో కావాలనే మధ్యలో ఆపి, మర్నాడు తెరిచి చూసినవాళ్ళకే అది దొరుకుతుంది.

అన్నిటికంటే నన్ను రగిలించే మాట ఒకటుంది: "ఖాళీ దొరికినప్పుడు చూసుకోండి." రోజంతా పని ఉన్న మనిషికి ఖాళీ ఎక్కడి నుంచి వస్తుంది? భోజన విరామంలోంచి, ఇంటికి వెళ్ళే వేళలోంచి. శిక్షణకు వారానికి గంట కావాలంటే ఆ గంట డ్యూటీ చార్టులో కనబడాలి, ఆ గంటలో చేయవలసిన పనిని ఇంకొకరికి అప్పగించాలి. సూపర్‌వైజర్ అందుకు ఒప్పుకోకపోతే ప్రారంభ తేదీ ప్రకటించకండి. దీనిమీద నేను రాజీపడను.

అలాగే, పాడవుతుందనే భయం లేకుండా తప్పులు చేసి చూసుకోవడానికి నకిలీ బిల్లులతో సాఫ్ట్‌వేర్‌కు ఒక అభ్యాస ప్రతి ఉండాలి. ప్రతి పాఠానికీ ఒక బాధ్యుడి పేరు ఉండాలి. సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ రాగానే తెర మారుతుంది, బొత్తాం చోటు మారుతుంది. పాఠంలోని బొమ్మ, ఎదుట ఉన్న తెర ఒక్కసారి పొసగకపోతే మనిషి ఆ పాఠాల వైపు మళ్ళీ చూడడు.

ఆ రోజు ఆవిడ పక్కన కూర్చుని రివర్సల్ వేయించాక, నోటుబుక్కు ఇస్తారా అని అడిగాను. కాసేపు ఆలోచించి, "పేజీలు చింపకూడదు" అన్నారు. అక్కడే కూర్చుని అన్ని పేజీలనూ ఫొటోలు తీసుకున్నాను. ఇరవై తొమ్మిది పేజీలు ఇరవై తొమ్మిది చిన్న పాఠాలయ్యాయి. చిత్తుప్రతులు ఆవిడకు చూపిస్తే, నాలుగో పాఠం దగ్గర ఆగి, "ఇది నొక్కండి అని రాశారు, నొక్కగానే ఏం కనబడాలో రాయలేదు. కనబడకపోతే కంగారు పడతాం కదండీ" అన్నారు. ఆ ఒక్క వాక్యంతో ఇరవై తొమ్మిది పాఠాలూ తిరగరాశాం. అడుగున రచయితగా ఆవిడ పేరే పెట్టాం.

నా మిత్రులిద్దరికీ ఇదంతా రాసి పంపాను. ప్రారంభానికి ముందు పనులు సగానికి తగ్గించి, ఆ తర్వాతి పది వారాలను నింపమన్నాను. ఒకరి నుంచి ఇంకా జవాబు రాలేదు. రెండో సంస్థలో ప్రారంభాన్ని మూడు వారాలు వాయిదా వేశారు. వచ్చే బుధవారం సాయంత్రం షిఫ్టువాళ్ళ పక్కన కూర్చోవడానికి నన్ను రమ్మన్నారు. ఎవరైనా సొంతంగా రాసుకున్న నోటుబుక్కులు ఉంటే తెచ్చుకోమని ముందుగానే కబురు పెట్టించాను.