తాతగారు ఆకుపచ్చగా మారిన వైనం

పర్లాకిమిడి నుంచి బరంపురం దాకా ప్రింటర్లో కంపెనీ ఇంకుకు బదులు చవక డబ్బా ఇంకు పోసే ఫోటో స్టూడియో సోదరులు రసాయన శాస్త్రాన్ని నాలుగు మాటల్లో ముగించేశారు: "ఏటవుద్ది బాబూ, ఇంకు ఇంకే!"

ఈ సూత్రం ప్రకారం ఎప్సన్ ఎల్805 ఫోటో ప్రింటర్‌లో ఆరు ఇంకు ట్యాంకులుండటం జపాను వాళ్ల దుబారా. సయాన్ (ఆకాశనీలం లాంటిది), మెజెంటా (ముదురు గులాబీ లాంటిది), పసుపు, నలుపు చాలవా? లేత సయాన్, లేత మెజెంటా అని మరో రెండెందుకు? బుగ్గ మీద నీడ చుక్కలు చుక్కలుగా తేలకుండా నునుపుగా రావడానికట. మన సోదరుడి దగ్గర దీనికి విరుగుడుంది. లేత సయాన్ అయిపోతే ముదురు సయాన్‌లో నీళ్లు కలుపుతాడు. కుళాయి నీళ్లు కాదండోయ్, మినరల్ వాటర్! నాణ్యతలో రాజీ లేదు.

ఇంకులో రంగూ నీళ్లే కాక, నాజిల్ (ఇంకు చిమ్మే సన్నటి రంధ్రం) ఎండిపోకుండా చూసే గ్లైకాల్ లాంటి ద్రవాలూ ఉంటాయి. వాటిని పలచన చేస్తే రంధ్రాలు పూడుకుపోతాయి, ఫోటో మీద అడ్డగీతలు పడతాయి. సోదరుడు హెడ్ (నాజిళ్లుండే భాగం) క్లీనింగ్ నొక్కుతాడు. గీతలు పోలేదా, మళ్లీ నొక్కుతాడు. మళ్లీ. క్లీనింగ్ అంటే ట్యాంకులోని ఇంకును లాగి అడుగునున్న వేస్ట్ ప్యాడ్‌లో, అంటే వృథా ఇంకును పీల్చుకునే మెత్తలో, పొయ్యడమే. లీటరు డబ్బా కొని మిగిల్చిన డబ్బంతా ఆ ప్యాడ్ తాగేస్తుంది. దాని కౌంటర్ నిండిన రోజున మెషినే పని మానేస్తుంది. ఈలోగా కరెంటు పోయిందా, హెడ్ తన మూత మీదికి చేరకముందే ఆగిపోయి ఆరుబయట ఎండుతుంది. షాపులో యూపీఎస్ ఉంది. అది సీసీ కెమెరాకు.

అసలు వైభవం చూడాలంటే పెద్దకర్మ నాటికి తయారయ్యే ఎ4 ఫోటో చూడాలి. పైన తెలుగులో పేరు, కింద ఒడియాలో పేరు, 180 జీఎస్ఎం గ్లాసీ పేపరు, తడి పూర్తిగా ఆరకుండానే అద్దం బిగింపు. (కనీసం ఒక రోజు ఆరనివ్వాలి. భోక్తలు ఆగొద్దూ?) ఆ రోజు తాతగారు బంగారం.

సంవత్సరీకానికి చుట్టాలొచ్చేసరికి కిటికీ ఎదుట తాతగారు ఆకుపచ్చ. వెలుతురు ముందుగా మెజెంటాను తినేసింది. "మావయ్యకి కామెర్లా?" "కాదొదినా, గుండెపోటు." వసారాలో అద్దం లేకుండా తగిలించిన నాయనమ్మగారిది వేరే కథ. అక్కడ గాలిలోని ఓజోన్ సయాన్‌ను కాజేసింది. ఆవిడ ఎర్రగా మండిపోతోంది. ఇద్దరినీ పక్కపక్కన పెడితే నౌపడా–గుణుపురం రైలు లైను సిగ్నల్. పెద్దబ్బాయి దండం పెట్టడానికి వచ్చి ముందుకెళ్లాలో ఆగాలో తెలియక నిలబడ్డాడు. చిన్నకోడలు మరకేమో అనుకుని తడిగుడ్డతో తుడిచింది. నాయనమ్మగారి ఎడమ కన్ను గుడ్డలోకొచ్చింది. పురోహితుడు మాత్రం తొణక్కుండా గోత్రం అడిగాడు.

అలాగని కంపెనీలు ధర్మరాజులేం కావు. 2016లో హెచ్‌పీ ఫర్మ్‌వేర్ (ప్రింటర్ లోపలి సాఫ్ట్‌వేర్) చాటున వేరేవాళ్ల కార్ట్రిడ్జ్‌లను తిప్పికొట్టింది. రోడ్డుపక్క మెకానిక్కులు బయట ట్యాంకులు పెట్టి గొట్టాలు లాగుతుంటే చూసి చూసి, ఎప్సన్ 2010లో ఇండోనేషియాలో సొంత ట్యాంకు ప్రింటర్ దింపింది. బయటి ఇంకుల్లోనూ మంచివున్నాయి. కాకపోతే పాతదాని మీదే పొయ్యకూడదు. ట్యాంకు ఖాళీచేసి, గొట్టాలు కడిగి పొయ్యాలి. డై (కరిగిన రంగు) ఇంకు మెషిన్‌లో పిగ్మెంట్ (కరగని రంగు పొడి) ఇంకు జోలికి పోకూడదు. ఆ ఇంకుకీ ఆ పేపరుకీ కలిపి ఐసీసీ ప్రొఫైల్ (రంగులు సరిగ్గా పడేలా చూసే ఫైలు) చేయించాలి. అది లేకుండా ఫోటోషాప్‌లో మెజెంటాను కుడికీ ఎడమకీ జరుపుతూ కూర్చుంటే పెళ్లికూతురి ముఖం కుదిరేసరికి పెళ్లికొడుకుది చెడుతుంది.

బస్ పాసుకీ హాల్ టికెట్‌కీ డబ్బా ఇంకే వాడండి, ఎవరడిగారు? కానీ గజపతి కొండల మీంచి ఒకావిడ, పోయిన మొగుడి స్టాంపు సైజు ఫోటో, ఇంట్లో ఉన్న ఒక్కగానొక్కటి, కొంగున ముడేసుకుని తెస్తుంది. దాన్ని స్కాన్ చేసి, ఫైలు పారేసి, నీళ్లింకుతో కొట్టి, "ఒరిజినల్" రేటు పుచ్చుకుంటారా? ఏడాదికి ఆ ముఖం చెరిగిపోతే ఆవిడ ఎవరినడగాలి? దొంగతనం ఇది! చచ్చినవాణ్ణి మళ్లీ చంపి బిల్లు వెయ్యడం!

తెలియదనకండి. ఒకే పేపరు మీద రెండు ఇంకులతో ఒకే ముఖం కొట్టి, రెంటికీ సగం మేర అట్ట కప్పి, పడమటి కిటికీకి ఒక నెల అంటించండి. అట్ట తియ్యండి, తెలుస్తుంది. తెలిశాక రేట్ల బోర్డు మార్చండి: "సంవత్సరీకం దాకా ఉండే ఫోటో ఇంత, మనవలు చూసే ఫోటో ఇంత." తెలుగులోనూ ఒడియాలోనూ. ఫోటో వెనక ఇంకు పేరు, పేపరు పేరు, తేదీ. స్కాన్ చేసిన ఫైలు ఆవిడ ఇంటివాళ్ల ఫోన్లోకి వెళ్లాకే డబ్బులు.