మూడో పట్టా పీకాల్సిందే

నెల్లూరు, ప్రకాశం జిల్లాల బొమ్మరైలు ప్రియులకు మనవి. మిద్దె మీద గదిలో మీరు తిప్పుతున్న పాత లయనెల్ (అమెరికా బొమ్మరైళ్ల కంపెనీ) రైలుకు మూడు పట్టాలున్నాయి. గూడూరు నుంచి ఒంగోలు దాకా ఎక్కడ దిగి లెక్కపెట్టినా లైనుకు రెండే. (విజయవాడ–గూడూరు మూడో లైను వేరు, దాన్ని తెచ్చి వాదనలో కలపొద్దు.) జిల్లాల పరువు దృష్ట్యా ఆ మధ్య పట్టాను వెంటనే పీకేయాలి.

పీకితే రైలు కదలదు, నిజమే. ఇంజను కడుపు కింది రోలరు మధ్య పట్టాను రాసుకుంటూ కరెంటు తీసుకుని, చక్రాల గుండా పక్క పట్టాల్లోకి వదులుతుంది. కావలి మీదుగా పోయే ఎక్స్‌ప్రెస్సూ పైతీగ నుంచి 25,000 వోల్టులు అందుకుని పట్టాల్లోకే వదులుతుంది. అంటే లయనెల్ చేసిన నేరమల్లా పైతీగను తెచ్చి నేల మీద పరవడం. రైలు లూపు తిరిగి వచ్చిన దారినే వెనక్కి పోయినా షార్టు కాదు, అదొక్కటే లాభం. అయినా తప్పు తప్పే.

గేజి సంగతి ఇంకా ఘోరం. లయనెల్‌ది ‘O’ గేజి, అంటే పక్క పట్టాల మధ్య దూరం 31.75 మిల్లీమీటర్లు. బొమ్మ అసలుకు 48వ వంతు (1:48) గనుక 48తో గుణిస్తే 1524, అంటే సరిగ్గా ఐదడుగులు. అది పాత రష్యా గేజి! అమెరికాలో అసలు లైన్లు 1435. ప్రచ్ఛన్న యుద్ధం వేడెక్కుతున్న 1948లో అమెరికా శాంటాఫే రైల్వే డీజిల్ ఇంజను బొమ్మను లయనెల్ అమ్మకానికి పెడితే, అది రష్యా పట్టాల మీద తిరుగుతోందని ఎవరి మీదా కేసు పెట్టలేదు. మనది 1676. అదే స్కేలులో దాదాపు 35 కావాలి. మూడు మిల్లీమీటర్లు ఎగ్గొట్టిన రైలుకు బిట్రగుంట పేరు రాస్తారా?

పెట్టెలోని ఎనిమిది వంపు ముక్కలు కలిపితే 31 అంగుళాల చక్రం వస్తుంది. అసలు కొలతలో దాని వ్యాసార్ధం 19 మీటర్లు. మన బ్రాడ్‌గేజి మీద 175కు తగ్గితే ఒప్పుకోరు. నిజాయితీగా వేస్తే చక్రం అడ్డంగా ఏడు మీటర్లు దాటుతుంది, వంటిల్లు ఖాళీ చేయించాలి. దాని మీద కృష్ణపట్నం బొగ్గు రైలు, 58 వ్యాగన్లు, దాదాపు 13 మీటర్లు. సగం చక్రం పైగా రైలే ఉంటుంది.

పరువు సంగతి అలా ఉంచి, ప్రాణం సంగతి. పాత లయనెల్ ట్రాన్స్‌ఫార్మరు 115 వోల్టులది. మన 230 ప్లగ్గులో నేరుగా పెడితే పొగ ఇంజను గొట్టంలోంచి రాదు, ట్రాన్స్‌ఫార్మరులోంచి వస్తుంది. వోల్టేజి తగ్గించే స్టెప్‌డౌన్ పెట్టినా అది 60 హెర్ట్జ్ కోసం చుట్టింది. మన 50 మీద ఎక్కువ వేడెక్కుతుంది కాబట్టి పూర్తి లోడు వేయొద్దు. వైరు మీది రబ్బరు గోటికి పొడిగా రాలుతుంటే ముందు వైరు మార్చండి.

మైపాడు ఉప్పుగాలికి పట్టా ముక్కలను కలిపే పిన్నులు తుప్పు పడతాయి. అప్పుడు రైలు ట్రాన్స్‌ఫార్మరు దగ్గర పరుగెత్తి అవతలి కొసన ఈసురోమంటుంది, అందరూ మోటారును తిడతారు. పిన్ను తుడిచి, పట్టా చివర ప్లయరుతో నొక్కి, అవతలి కొసకు ఇంకో జత వైర్లు లాగితే చాలు. ఇనుప పీచుతో రుద్దారో, ఆ నూగు మోటారు అయస్కాంతానికి అతుక్కుని షార్టు చేస్తుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన గుడ్డ వాడండి. నూనె ఇరుసుకు ఒక్క చుక్క. రెండో చుక్క మోటారులో బ్రష్షులు రాసుకునే రాగి భాగం (కమ్యుటేటరు) మీదికి పాకి, కార్బన్ బ్రష్షుల పొడితో కలిసి నల్లటి జిడ్డవుతుంది.

ఇన్ని బాధలు వద్దనుకుంటే ప్రకాశం పడమటి లైను కట్టండి. నడికుడి–శ్రీకాళహస్తి, 309 కిలోమీటర్లు, దర్శి, పొదిలి, కనిగిరి మీదుగా, 2011-12లో మంజూరు. ఏ కాలం నాటి మోడలో ముందే చెప్పడం ఈ విద్యలో మర్యాద గనుక, 2012 నాటి కనిగిరి అనుకోండి. బల్ల మీద ఎర్రమట్టి, కాస్త చిల్లకంప, నాలుగు మేకలు. గేజిలో తప్పు రాదు, తుప్పు పట్టదు. మూడో పట్టా ఏదని కనిగిరి వాళ్లు అడగనే అడగరు. మొదటి రెండూ అడిగి అడిగి అప్పటికే అలసిపోయి ఉంటారు.