పాత కారుకు డబ్బుంది, మెకానిక్ లేడు

పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు అందించే కార్బురేటర్లు జంటగా ఉన్న పాత కారును ట్యూన్ చేసేటప్పుడు అనుభవమున్న మెకానిక్ ఒక రబ్బరు గొట్టం తీసుకుంటాడు. ఒక కొసను కార్బురేటర్ మూతి దగ్గర, మరో కొసను చెవి దగ్గర పెట్టుకుని, గాలి లోపలికి పోయే బుస వింటాడు. రెండింటిలోనూ ఒకేలా వినిపించేదాకా స్క్రూలు తిప్పుతాడు. తర్వాత స్పార్క్ ప్లగ్ ఊడదీసి రంగు చూస్తాడు. మసిబారి ఉంటే పెట్రోలు ఎక్కువైనట్టు, తెల్లగా పాలిపోతే తక్కువైనట్టు, లేత గోధుమ రంగులో ఉంటే సరిపోయినట్టు. ఇది తెలిసినవాళ్ల షెడ్లు ఒక్కొక్కటిగా మూతపడుతున్నాయి.

కుర్రవాళ్లు చేతికి గ్రీజు అంటించుకోవడానికి ఇష్టపడటం లేదనేది తరచూ వినిపించే కారణం. నాకది సగం నిజంగా కూడా కనిపించదు. ఈ కార్లు ఒకప్పుడు రోజూ రోడ్డు మీద తిరిగిన మామూలు బళ్లు. ఫోర్డ్ మోడల్ టి 1908 నుంచి 1927 దాకా దాదాపు 1.5 కోట్లు తయారైంది. 2003లో ఉత్పత్తి ఆగేసరికి వోక్స్‌వ్యాగన్ బీటిల్ 2.1 కోట్లు దాటింది. అన్ని బళ్లు తిరిగే కాలంలో షెడ్డులో స్పానర్లు అందించే కుర్రవాడు ఒకే జబ్బును ఏడాదిలో ఎన్నో రూపాల్లో చూసేవాడు. ఎవరూ కూర్చోబెట్టి పాఠం చెప్పకపోయినా ఆ రద్దీలోనే పని వచ్చేసేది. ఇప్పుడు అవే కార్లు ఏ పండగకో ప్రదర్శనకో బయటికొస్తాయి. కుర్రవాడికి చూడటానికి బండే ఉండదు.

1967లో బాష్ సంస్థ డి-జెట్రానిక్‌తో, కార్బురేటర్ లేకుండా పెట్రోలును కొలిచి చిమ్మే ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ పెద్ద ఎత్తున వాడుకలోకి రావడం మొదలైంది. 1996 నాటికి అమెరికాలో కొత్త కార్లన్నిటికీ ఓబీడీ-2, అంటే కారే తన లోపాలను కనిపెట్టి కోడ్‌లుగా చెప్పే వ్యవస్థ, తప్పనిసరి అయింది. అప్పటి నుంచి లోపం ఎక్కడుందో కంప్యూటరే చాలావరకు సూచిస్తోంది. ఆ పద్ధతిలో చదువుకున్నవాణ్ణి నోరు విప్పని ఇంజను ముందు నిలబెట్టి తప్పుపట్టడం న్యాయం కాదు.

కదలని కారుకు జబ్బులెక్కువ. నిల్వ పెట్రోలు జిగురుగా మారి కార్బురేటర్‌లోని జెట్‌లను, అంటే సన్నటి రంధ్రాలను, మూసేస్తుంది. బ్రేక్ పిస్టన్లు తుప్పు పట్టి బిగుసుకుంటాయి. ఇథనాల్ కలిసిన పెట్రోలు పాతకాలపు రబ్బరు గొట్టాలను పాడుచేస్తుంది. ఇలాంటి లోపాన్ని సరిచేయడానికి పది నిమిషాలు చాలవచ్చు గానీ పట్టుకోవడానికి రెండు రోజులు పడుతుంది. ఆ రెండు రోజులకూ బిల్లు వేస్తే యజమాని ముఖం మాడ్చుకుంటాడు. వేయకపోతే షెడ్డు అద్దె గడవదు. మూతపడిన షెడ్లలో చాలావాటి కథ ఇదేనని నా అనుమానం.

డబ్బు లేక కాదు. 2022లో మెర్సిడెస్ 300 ఎస్ఎల్ఆర్ ఉలెన్‌హౌట్ కూపే 13.5 కోట్ల యూరోలకు అమ్ముడైంది. ఖరీదైన కార్లను చూసుకోవడానికి తయారీ సంస్థలే ప్రత్యేక విభాగాలు నడుపుతున్నాయి. అరుదైన 959 మోడల్ క్లచ్ భాగాన్ని పోర్షే 3డీ ప్రింటింగ్‌తో చేయించింది. మరి 1962-1980 మధ్య 5 లక్షలకు పైగా తయారైన బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఎంజీబీ లాంటి మధ్యతరగతి బండి సంగతేమిటి? దానికి విడిభాగాలే కాదు, కొత్త బాడీషెల్ కూడా దొరుకుతుంది. దాని జంట కార్బురేటర్ల దగ్గర చెవి పెట్టేవాడు దొరకడమే కష్టం.

పాత కార్ల క్లబ్బులు కొన్ని దొరకని విడిభాగాలను చందాలు వేసుకుని చేయించుకుంటున్నాయి. అలాగే ఒక ముసలి మెకానిక్ దగ్గర ఒక కుర్రవాడికి రెండేళ్ల జీతం పోగుచేయవచ్చు, సభ్యుల కార్లన్నీ వాడి చేతి కిందికే పంపవచ్చు. ప్రస్తుతానికి మాత్రం పాత కార్ల మీద పెట్టే డబ్బులో చాలాభాగం పెయింటుకూ క్రోమ్ పూతకే పోతోంది.