‘అమ్’ అన్నంత మాత్రాన ఇంగ్లీష్ రానట్టు కాదు

వాట్సాప్‌లో తెగ తిరుగుతున్న మాట ఇది: “ఇంగ్లీష్ మాట్లాడుతూ మధ్యలో అ, అమ్, లైక్, యూ నో అనేవాళ్లకు విషయం తెలియదు. అలా తడుముకుంటే అబద్ధం చెబుతున్నట్టే. ఈ అలవాటు ఈ తరం అమ్మాయిలు తెచ్చింది. అమ్ అనే బదులు మౌనంగా ఉండండి.” ఇలాంటివి నమ్మి పిల్లలు నోరు తెరవడానికే టెన్షన్ పడుతున్నారు. అందుకే జవాబు రాస్తున్నాను.

విషయం తెలియకే అంటారా? అమెరికాలోని కొలంబియా యూనివర్సిటీలో స్టాన్లీ షాక్టర్ బృందం ప్రొఫెసర్ల పాఠాల్లో ఈ అ, అమ్‌లను లెక్కపెట్టి 1991లో ఫలితాలు ప్రచురించింది. సైన్స్ చెప్పేవాళ్ల కంటే సాహిత్యం, తత్వశాస్త్రం లాంటివి చెప్పేవాళ్ల నోట ఇవి చాలా ఎక్కువ. అందరినీ ఒకే మామూలు విషయం మీద మాట్లాడిస్తే మాత్రం ఆ తేడా కనబడలేదు. సైన్స్‌లో ఒక సంగతికి సాధారణంగా ఒకటే మాట ఉంటుంది, సాహిత్యంలో పది మాటల్లోంచి ఒకటి ఏరుకోవాలి అన్నది వాళ్ల వివరణ. ఏరుకునే ఆ క్షణంలోనే ‘అమ్’ వస్తుంది. తెలుగులో మనం ‘అదే... అంటే...’ అనేదీ అక్కడే కదా!

వినేవాళ్లకూ అది వట్టి చప్పుడు కాదు. చిన్న ఆలస్యానికి ‘అ’, పెద్ద ఆలస్యానికి ‘అమ్’ అంటారని హెర్బర్ట్ క్లార్క్, జీన్ ఫాక్స్ ట్రీ అనే పరిశోధకులు 2002లో చూపించారు. రోచెస్టర్ యూనివర్సిటీ వాళ్లు 2011లో ప్రచురించిన పరిశోధన నాకు మరీ ఇష్టం. పెద్దవాళ్లు వస్తువు పేరు చెప్పబోతూ ‘ద (the)... అ...’ అని ఆగగానే, రెండేళ్ల పసివాళ్లు తమకు పేరు తెలియని కొత్త వస్తువు వైపు చూశారు.

అబద్ధం సంగతికి వస్తే, 2010లో వచ్చిన ఒక పరిశోధనలో నిజం చెప్పేటప్పటి కంటే అబద్ధమాడేటప్పుడే ‘అమ్’ తగ్గింది.

ఇక అమ్మాయిల మీద నింద. లైక్, యూ నో లాంటివి యువతలో, ఆడవాళ్లలో కొంత ఎక్కువని 2014 నాటి ఒక అధ్యయనం చెప్పిన మాట నిజమే. పనిని శ్రద్ధగా చేసే స్వభావం ఉన్నవాళ్లలో ఎక్కువని కూడా అదే చెప్పింది. దాన్ని ఎవరూ షేర్ చేయరు. పైగా ‘లైక్’ ఇంగ్లండ్ పల్లెల్లోని వృద్ధుల మాటల్లోనూ ఉందని భాషావేత్త అలెగ్జాండ్రా డార్సీ 2007లోనే రాశారు.

చివరిది, మౌనంగా ఉండమన్న సలహా. రాసుకొచ్చిన ఉపన్యాసానికి అది పనికొస్తుంది, ఒప్పుకుంటాను. గ్రూప్ డిస్కషన్‌లో రెండు క్షణాలు ఆగి చూడండి, పక్కవాళ్లు మాట అందుకుంటారు. అక్కడ ‘అమ్’ అంటే ‘ఉండండి, నా మాట ఇంకా అవలేదు’ అని.