ఛార్జింగ్ తినేది 5జీనా, సిగ్నలా?

బాబాయ్: ఛార్జింగ్ సాయంత్రం దాకా నిలవాలంటే ఫోన్‌ని 4జీకి మార్చెయ్‌రా. వేగం పెరిగేకొద్దీ మోడెమ్, అంటే ఫోన్‌లో సిగ్నల్ పంపి అందుకునే రేడియో భాగం, ఎక్కువ కరెంటు లాగుతుంది.

అబ్బాయి: లాగుతుంది బాబాయ్, కాదనను. ఎంతసేపు లాగుతుందో కూడా చూడాలిగా! 500 ఎంబీ వీడియో 100 ఎంబీపీఎస్‌లో 40 సెకన్లకే దిగిపోతుంది. 5 ఎంబీపీఎస్‌లో 13 నిమిషాల పైనే. మొదటిదానికి 3 వాట్లు, రెండోదానికి 1 వాట్ అనుకున్నా, ఖర్చయ్యే శక్తి 120 జౌళ్లెక్కడ, 800 జౌళ్లెక్కడ?

బాబాయ్: రోజూ ఎన్ని వీడియోలు దించుతావు? ఫోన్ పొద్దస్తమానం చేసేది వాట్సాప్ మెసేజ్, మెయిల్ లాంటి చిల్లర పనే. నాలుగు కేబీల మెసేజ్‌కి వేగంతో పనేముంది? అది వచ్చాక రేడియో వెంటనే నిద్రపోదు. ఇంకేమైనా వస్తుందేమోనని 4జీలో అయితే సుమారు 10 సెకన్లు మేలుకునే ఉంటుంది. నాన్‌స్టాండలోన్ 5జీలో, అంటే 4జీ ఆసరాతో నడిచే రకంలో, డేటా నడిచేటప్పుడు 4జీని కూడా పట్టుకునే ఉండాలి. ఒక పనికి రెండు రేడియోలు!

అబ్బాయి: ఆ మాట నిజమే. 4జీ ఆసరా లేకుండా నడిచే జియో లాంటి స్టాండలోన్‌లో ఆ బాధ లేదు. కానీ అసలు దొంగ బలహీనమైన సిగ్నల్ బాబాయ్. సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్, అందులో సిమ్ స్టేటస్ తెరిచి చూడు. అక్కడ సిగ్నల్ బలం మైనస్ 85 డీబీఎం ఉంటే హాయి. మైనస్ 115కి దిగిందంటే అందుతున్నది అందులో వెయ్యో వంతు. అప్పుడు టవర్‌కి వినబడాలని ఫోన్ గొంతు చించుకుంటుంది, 4జీలో మామూలుగా 200 మిల్లీవాట్ల దాకా. అంత బయటికి పంపడానికి సిగ్నల్‌ని పెంచే యాంప్లిఫయర్ బ్యాటరీ నుంచి అంతకు కొన్ని రెట్లు లాగి, మిగిలింది వేడిగా వదిలేస్తుంది. ఫోటో పంపుతుంటే ఫోన్ వీపు కాలేది అందుకే. చేరని డేటా ముక్కల్ని (ప్యాకెట్లని) మళ్లీ మళ్లీ పంపాలి. వేగం, ఛార్జింగ్ రెండూ ఒక్క కారణంతోనే పడిపోతాయి.

బాబాయ్: అక్కడే కదరా నేను చెప్పేది! చాలాచోట్ల 5జీ నడిచేది 3,300 మెగాహెర్ట్జ్ పైన. రెండు గోడలు దాటేసరికి నీరసపడుతుంది. 850, 900 మెగాహెర్ట్జ్ బ్యాండ్ల 4జీ వంటింటి దాకా వస్తుంది. 5జీ ఒక్క గీత మీద ఊగుతుంటే ఫోన్ అటూ ఇటూ గెంతుతూనే ఉంటుంది.

అబ్బాయి: అలాంటి గదిలో 4జీకి మార్చు, వైఫై ఉంటే ఇంకా మంచిది. ఆరుబయట, సిగ్నల్ నిండుగా ఉన్నప్పుడు మాత్రం 5జీని ఆపకు. ఇక అరకు రైలు సొరంగాల్లో దూరుతుంటే 4జీ పెట్టినా లాభం లేదు, టవర్ కోసం వెతుకుతూనే ఉంటుంది. ఎయిర్‌ప్లేన్ మోడ్ వేసెయ్.

బాబాయ్: వేస్తే ఫోన్లు రావు కదరా.

అబ్బాయి: సొరంగంలో ఎలాగూ రావు. బొర్రా గుహల స్టేషన్లో రైలు ఆగినప్పుడు తీసి చూసుకో.