ఈ వారం వాతావరణం, పర్లాకిమిడి వరకు మాత్రమే

ఎవరూ అడక్కపోయినా ప్రజాప్రయోజనం దృష్ట్యా ఈ వారం వాతావరణ సూచన నేనే రాయాల్సొస్తోంది, ఎందుకంటే ఒడిశాలో ఆంధ్రా సరిహద్దునే ఉన్న మా పర్లాకిమిడినీ, గీతకి అవతల ఆంధ్రాలో ఉన్న పాతపట్నాన్నీ కలిపి టీవీల్లో చెప్పేవాళ్ళు లేరు. తెలుగు చానెల్ పెట్టండి, మ్యాప్‌లో ఇచ్ఛాపురం దాకా పాతపట్నం దాకా మబ్బులు, మెరుపులు, ఊగుతున్న కొబ్బరిచెట్టు బొమ్మ అన్నీ ఉంటాయి, అక్కడితో రంగు అయిపోతుంది, అవతలంతా బూడిద. పోనీ ఒడియా చానెల్ పెడదామంటే గజపతి జిల్లా చివరిదాకా నీలంగా వాన కురిసి సరిహద్దు దగ్గర బుద్ధిగా ఆగిపోతుంది, ఆంధ్రా వైపు తెల్లకాగితం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడిగా ఏర్పడినప్పుడు మనుషులకి గీత గీసారని తెలుసు గానీ మబ్బులకి కూడా గీసారని టీవీ చూసాకే తెలిసింది. మా మహేంద్రతనయ నదికి ఎవరూ చెప్పినట్టు లేదు పాపం, కొండల్లో ఇటు పుట్టి అటెళ్ళి వంశధారలో కలిసిపోతోంది.

సరే, విషయానికొస్తే ఇది అక్టోబర్. సోమవారం ఉక్కపోత. రుతుపవనాలు వెళ్ళిపోతూ నేలంతా తడిపి పోతాయి, ఆకాశం తేటపడి ఎండ కాస్తుంది, ఆ తడి ఆవిరై మన వీపు మీద కూర్చుంటుంది. చొక్కా ఆరదు, మనిషీ ఆరడు. పొద్దున్నే మహేంద్రగిరి వైపు కొండల మీద మబ్బు కనిపిస్తే సముద్రం గాలి కొండకి తగిలి పైకెక్కి చల్లబడిందని సైన్సు, కొండ దుప్పటి కప్పుకుంది కాబట్టి బట్టలు లోపలేసుకోమని మా అత్తమ్మ. ఇద్దరిదీ ఒకే మాట, అత్తమ్మ కాస్త గట్టిగా చెప్తుంది అంతే.

మంగళవారం "ఒకటి రెండు చోట్ల తేలికపాటి నుంచి మోస్తరు వర్షాలు". ఈ వాక్యాన్ని మనం చిన్నచూపు చూస్తాం గానీ దాని వెనక పెద్ద లెక్క ఉందండి. వాన కొలిచే స్టేషన్లలో పాతిక శాతం లోపు పడితే ఒకటి రెండు చోట్ల, సగం దాకా అయితే కొన్ని చోట్ల, 75 శాతం దాకా చాలా చోట్ల. మోస్తరు అంటే 24 గంటల్లో 15.6 నుంచి 64.4 మిల్లీమీటర్లు, ఆ పైన పడితేనే భారీ. ఇంత కచ్చితంగా చెప్తుంటే మా వీధి కిరాణా కొట్టాయన మాత్రం "ఆ ఒకటి రెండు చోట్లూ ఏవో చెప్పేస్తే మిగతావోలం పని సూసుకుంటాం కదా" అంటాడు. నాకూ కొంత న్యాయంగానే అనిపించింది. కానీ ఉరుముల మబ్బు కొన్ని కిలోమీటర్ల వెడల్పే ఉంటుంది, అది ఏ వీధి మీద నిలబడుతుందో దానికే తెలీదు. బస్టాండులో తడిసి ముద్దయి వచ్చినవాణ్ణి రైల్వేస్టేషన్ దగ్గరివాళ్ళు బావిలో పడ్డావేటని అడగడం మా ఊళ్ళో మామూలే.

బుధ, గురువారాలు విశేషం లేదు. కరెంటు మాత్రం జల్లులు జల్లులుగా వస్తుంది.

శుక్రవారం అసలు ముచ్చట, బంగాళాఖాతంలో అల్పపీడనం. వెంటనే కళింగపట్నం రేవులో ఒకటో నంబరు ప్రమాద హెచ్చరిక అంటారు. మా ఊరికి సముద్రం లేదు, రేవు లేదు, తేలేదల్లా వానాకాలం మురిక్కాలవలో చెప్పులు, అయినా ఆ నంబరు వినగానే ఊరంతా ఓడల యజమానుల్లా గంభీరంగా అయిపోతాం. గాలి గంటకి 62 కిలోమీటర్లు చేరితే తుఫాను, అప్పుడే బారసాల. మన పిల్లకి పేరు పెట్టడానికి 21 రోజులు పంతులుగారు, మేనత్త, వాట్సాప్ గ్రూపు కొట్టుకుంటాయి, తుఫానుకి మాత్రం 13 దేశాలు కలిసి 2020లోనే 169 పేర్లు రాసి పెట్టేసుకున్నాయి. పాతవీ కొత్తవీ తుఫాను పేర్లు ఎంత ముద్దుగా ఉంటాయో చూడండి, తిత్లీ అంటే సీతాకోకచిలుక, హుద్‌హుద్ అంటే పిట్ట, గులాబ్ అంటే చెప్పక్కర్లేదు. పెళ్ళి శుభలేఖ మీద వేసుకోవచ్చు.

తుఫాను అనగానే మా ఇంట్లో ముందు మేల్కొనేది ఆరో తరగతి చదివే మావాడు. పాతపట్నంలో వాడి మేనమామ కొడుక్కి సెలవిచ్చేసారంట, వీడికి ఇవ్వలేదు. మధ్యలో నాలుగైదు కిలోమీటర్లు. "ఆ తుఫాను ఆంధ్రాదా నాన్నా?" అని అడిగాడు, దుఃఖం పట్టలేక. మర్నాడు వీడికి సెలవొచ్చింది, అప్పటికి ఎండ కాస్తోంది, వాడు క్రికెట్ బ్యాటు పట్టుకుని వాతావరణ శాస్త్రం మీద పూర్తి నమ్మకంతో బయటికెళ్ళాడు. ఇక నా ఫోను సంగతి, ఇంట్లో ఉంటే ఒడియాలో హెచ్చరిక వస్తుంది (మాట్లాడ్డం వచ్చుగానీ చదవడం రాదు, పక్కింటి మౌసీని పిలవాలి), పాతపట్నం సంతకెళ్తే అదే మబ్బు గురించి తెలుగులో వస్తుంది. మారింది టవర్ ఒక్కటే.

మరీ నవ్వేసుకుంటున్నాం గానీ అక్టోబర్ 11, 12 అంటే మా వైపు పెద్దవాళ్ళు ఇప్పటికీ ఆకాశం వైపు చూస్తారు. 2013లో 12న ఫైలిన్ గోపాలపూర్ దగ్గర, 2014లో మళ్ళీ 12నే హుద్‌హుద్ విశాఖలో, 2018లో 11న ఆ సీతాకోకచిలుక పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి పడిపోయాయి, తర్వాత వానకి మా గజపతి జిల్లా కొండల్లో బరాఘరా అనే ఊరి దగ్గర కొండచరియ విరిగి మనుషులు పోయారు. ఆ వారం మాత్రం రెండు భాషల చానెళ్ళలోనూ మేమున్నాం, మంచి ఎర్ర రంగులో. అలాంటి రంగు వద్దు బాబూ, మాకు బూడిదే బాగుంది.

శనివారం అల్పపీడనం బలహీనపడును. ఎటు పోయిందో రెండు వైపులా ఎవరూ చెప్పరు.

ఆదివారం సూచన రాద్దామని కూర్చుంటే పాతపట్నం నుంచి మా బావమరిది ఫోను. "బావా, మీకు పడతన్నాదా?" "లేదురా, మీకు?" "మాకూ లేదు. మరి ఆ ఉరుము ఎవులిది?"