గుబిలి పుల్లకు పట్టాభిషేకం

ఇంటి సామానుకు ఈ దేశంలో ఇన్నాళ్ళకు న్యాయం జరుగుతోంది. కావాలంటే ఏ పెళ్ళిలోనైనా పట్టుచీరల మీది వెండి లాకెట్లు చూడండి. మొన్న ఓ విందులో ఒకమ్మాయి మెడలో బుల్లి గరిటె, సూది, పట్టుకారు ఒకే రింగుకు వేలాడుతున్నాయి. పక్కావిడ ముచ్చటపడి ఏం డిజైనని అడిగింది.

"వింటేజ్ స్పూన్ మోటిఫ్, ఆంటీ."

ఎదురుగా గారె నములుతున్న బామ్మగారు కళ్ళజోడు సవరించుకున్నారు. "గుబిలి పుల్లే తల్లీ! మా మామగారు మొలతాడుకు కట్టుకునేవారు. రెండోది పళ్ళు కుట్టుకోడానికి."

ఆ బంతిలో తర్వాత ఎవరూ పాయసం మారు అడగలేదు.

బామ్మలకు కళాదృష్టి తక్కువ. వాళ్ళ కాలంలో నగ పనికొచ్చేది, అదే దాని లోపం. సున్నపు డబ్బీలో నిజంగా సున్నం ఉండేది. వెండి కొక్కేనికి భోషాణం తాళాలుండేవి. ఆ గుత్తి అత్తగారి నడుమున ఉన్నంతకాలం కోడలికి బెల్లం ముక్క కూడా దక్కేది కాదు. ఇప్పుడు కొక్కెం ఉంది, తాళాల్లేవు. ఇంటికి వేలిముద్ర లాక్. డబ్బీ మూత తెరుచుకోదు.

కరీంనగర్ పనివాళ్ళ పరిస్థితి మరీ జాలి. వెండిని సన్నటి తీగలుగా సాగదీసి అల్లే ఆ ఫిలిగ్రీకి 2007లో భౌగోళిక గుర్తింపు దక్కింది. అయినా వాళ్ళు చేసిన కుంకుమ భరిణెలో ఇప్పటికీ కుంకుమ పెట్టుకోవచ్చు. ఇలాగైతే వ్యాపారం ఎలా బాగుపడుతుంది?

ఇక నలుపు సంగతి. గాలిలోని గంధకం తగిలి వెండి నల్లబడితే మన అమ్మలు పండక్కి ముందు విభూతితో, చింతపండుతో చేతులు నొప్పెట్టేలా తోమారు. ఎంత అజ్ఞానం! అదే గంధకం మందులో ముంచి, పనిగట్టుకుని నల్లబరిచి, గ్రాముల ఊసెత్తకుండా పీసు ధరకు అమ్ముతున్నారు ఇవాళ.

ఈ ఆర్థిక సూత్రం నమ్మి అమ్మమ్మ కడియాలు మార్చడానికి వెండి కొట్టుకెళ్ళాను. షావుకారు అరగదీశాడు, టంచ్ అంటూ వెండి స్వచ్ఛత చూశాడు, తరుగు తీశాడు. మజూరీ మాట ఎత్తనే లేదు. "ఇది మందులో ముంచిన నలుపు కాదండీ, బీరువాలో ఏళ్ళ తరబడి కష్టపడి సంపాదించుకున్న నలుపు. దీనికేమైనా కలపండి" అన్నాను.

ఆయన త్రాసు పక్కకు జరిపి, ఓ పాత గుడ్డ నా చేతికిచ్చాడు.

"ముందు శుభ్రంగా తుడవండి. మళ్ళీ తూద్దాం."